అన్నము తిన్న వెనుక వికారము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016వ సంవత్సరము అక్టోబరు వఱకు మహబూబ్‌నగరు జిల్లాలోని పట్టణములు. నేడవి మూడు జిల్లాలకు ముఖ్యస్థానములు. జిల్లాలు వేఱుపడినను వంటయిల్లు వేఱుపడలేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోను, వనపర్తి పల్లి చేలలోను, నల్లమల యంచు పల్లెలలోను జొన్నరొట్టె, పల్లీల తొక్కు, పచ్చిపులుసు, ఎండుమిరప కారము ఎఱుగని యిల్లు లేదు. ఆ యిండ్లలోనే మఱియొక మాటయు తఱచు వినవచ్చుచుండును: "అన్నం తినంగనే కడుపు తిప్పుతున్నది." తినకున్న నీరసము, తిన్న వికారము. ఈ బాధకు వంటయింటిలో ఏమి ఉపాయము కలదో, ఎంతవఱకు ఆ ఉపాయమును నమ్మవచ్చునో, ఎక్కడ నమ్మరాదో నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి. ఈ మూడవ ముక్కయే అన్నిటికంటె ముఖ్యమని మా తలంపు.

ఆయుర్వేదమున ఈ వికారమునకు హృల్లాసమని పేరు. నోట నీరూరుట, రొమ్ముక్రింద ఏదో పైకి తన్నుచున్నట్లుండుట, అన్నమన్న అసహ్యము పుట్టుట దీని లక్షణములు. ఇది ముదిరి వాంతియైనచో ఛర్ది యందురు. చరకసంహిత చికిత్సాస్థానమున ఇరువదియవ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. వాత పిత్త కఫముల వలన మూడు, ఆ మూడును కలియుట వలన నాల్గవది, చూచుటకు గాని వాసన చూచుటకు గాని మనసొప్పని వస్తువు వలన అయిదవది అని ఛర్దిని అయిదు విధములుగా చెప్పిరి. ఈ అయిదవ దానిని ప్రత్యేకముగ లెక్కించుటలో గొప్ప పరిశీలన కలదు. ఈగ పడిన కూరను చూచి వాంతి చేసికొనువానికి కడుపులో దోషమేమియు లేదు. మెదడే కడుపునకు ఆజ్ఞ యిచ్చినది. నేటి శరీరశాస్త్రమును ఇదే చెప్పుచున్నది: కడుపునుండి నాడుల ద్వారా గాని, రక్తములోని విషపదార్థముల వలన గాని, కంటికి ముక్కునకు తోచినదాని వలన గాని మెదడులోని వమనకేంద్రము కదలును.

భోజనానంతరము కలుగు వికారమునకు మూలము చాలవఱకు అజీర్ణమే. అజీర్ణమంతయు ఒకటి కాదు. తిన్నది తిన్నట్లే త్రేన్పులో తెలియుచు, ఒడలు బరువై, కన్నులు చెక్కిళ్ళు ఉబ్బినట్లుండి, నోట నీరూరినచో అది ఆమాజీర్ణము. పులిత్రేన్పులు, గొంతులో మంట, దాహము, తల తిరుగుట ఉన్నచో అది విదగ్ధాజీర్ణము. కడుపు బిగిసి, పోటు పుట్టి, వాయువు కదలనిచో విష్టబ్ధాజీర్ణము. ఇంట మందు వేసికొనదలచినవారు మొదట తమది వీనిలో ఏది యని తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. ఒకనికి పనిచేసిన అల్లము మఱియొకనికి మంట పెంచుటకు కారణమిదియే. పొరుగింటివారికి నయమైనదని అదే మందు మనమును మ్రింగుట మన పల్లెలలో పెద్ద అలవాటు.

ఛర్దికి చరకుడు చెప్పిన తొలి చికిత్స మందు కాదు, లంఘనము. వాంతులన్నియు ఆమాశయము కలతపడుటచేత పుట్టును గనుక మొదట దానికి విశ్రాంతి నీయవలెనని ఆయన అభిప్రాయము. ఒక పూట అన్నము మానుట పెద్దలకు కష్టము కాదు. కాని పసిపిల్లలకును, గర్భిణులకును, మధుమేహమునకు మందు మ్రింగువారికిని పస్తు తగదు. వారికి ద్రవాహారమే లంఘనము.

ఇక మితమును గూర్చి. కడుపును మూడు పాళ్ళుగా భావించి, ఒక పాలు గట్టి ఆహారమునకు, ఒక పాలు ద్రవమునకు, ఒక పాలు దోషముల సంచారమునకు విడువవలెనని చరకుడు. సగము అన్నమునకు, పాతిక నీటికి, పాతిక వాయువునకు అని వాగ్భటుడు. లెక్క కొంచెము వేఱైనను ఇద్దఱును ఖాళీ విడువుమనియే చెప్పుచున్నారు. జొన్నరొట్టె తినువానికి ఈ నియమము తనంతట తానే జరిగిపోయెడిది; రొట్టెను నమలక తప్పదు, నమిలినకొలది ఆకలి తీరును. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు వచ్చిన పిమ్మట ఈ సీమలో వరిమళ్ళు పెరిగినవి. అది సంతోషింపదగిన మాటయే. కాని తెల్లని బియ్యపు అన్నము పులుసుతో కలిపి గబగబ మ్రింగుటకు వీలైనది. పొలము పని తొందరలో పది నిమిషములలో పెద్ద కంచమెడు అన్నము ముగించి, ఆ వెంటనే చెంబెడు నీరు త్రాగి, ఎండలో మరల వంగినచో కడుపు త్రిప్పక యేమి చేయును? ఒక పూటయైనను రొట్టెకు మరలుట మేలని మా సలహా.

సద్దిమూట సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. ప్రొద్దున వండి గిన్నెలో మూసిన అన్నము నలువది డిగ్రీలు దాటిన ఎండలో మధ్యాహ్నము వఱకు గట్టుమీద నుండును. వండిన బియ్యములో మిగిలియుండు బాసిల్లస్ సెరియస్ అను ఒక సూక్ష్మజీవి ఆ వెచ్చదనమున పెరిగి విషము పుట్టించును. తిన్న గంట మొదలు ఆరు గంటలలోపల వాంతులు మొదలగును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కాబట్టి "కాచి తింటిమి గదా" యను ధైర్యము పనికిరాదు. ఇంటిలో ఒకేసారి నలుగురికి వికారము పుట్టినచో అది జఠరాగ్ని లోపము కాదు, ఆ గిన్నె దోషము. చెట్టునీడను తడిగుడ్డ చుట్టిన పాత్రలో ఉంచుట, పచ్చిపులుసు వేఱుగా తీసికొనిపోయి తినునప్పుడు కలుపుకొనుట కొంత మేలు. తడి తక్కువ గనుక రొట్టె అన్నమంత త్వరగా చెడదు. పల్లీల విషయమున ఒక్క మాట: బూజుపట్టిన, చేదెక్కిన గింజను తొక్కులో కలుపరాదు. ఆ బూజు పుట్టించు విషము కాలేయమునకు శత్రువు. వేయించినంతమాత్రమున పూర్తిగా నశింపదు.

మందులలో అగ్రస్థానము అల్లమునదే. భోజనమునకు ముందు అల్లపు ముక్కను ఉప్పుతో నమలుట ఎల్లప్పుడు పథ్యమని పదునాఱవ శతాబ్దపు భావమిశ్రుడు చెప్పెను. ఆమాజీర్ణము కలవారు చింతగింజంత అల్లమును సైంధవ లవణముతో అన్నమునకు పావుగంట ముందు నమలి మ్రింగవలెను. నేటి పరిశోధకులును అల్లమును వదలలేదు. గర్భిణుల వేవిళ్ళ వికారముపై జరిగిన పరీక్షలలో దినమునకు ఒకటి, ఒకటిన్నర గ్రాముల సొంఠి కొంత ఉపశమనము నిచ్చినట్లు తేలినది. వాంతుల సంఖ్యను మాత్రము అంతగా తగ్గింపలేదు. కొంత మేలనియే మేమును చెప్పుదుము, సర్వరోగనివారిణి యనము. గొంతులో మంట, పులిత్రేన్పులు కలవారు అల్లము, మిరియము మానవలెను. రక్తము పలుచబడుటకు మందు మ్రింగువారు అల్లమును కూరలో వేసికొనిన తప్పులేదు గాని, సొంఠిపొడిని మందుగా వాడుటకు ముందు తమ వైద్యుని అడుగవలెను.

మంట కలవారికి ధనియములు. శార్‌ఙ్గధరుడు చెప్పిన హిమవిధానమున, దంచిన ధనియములు ఒక వంతు, నీరు ఆఱు వంతులు మట్టిపాత్రలో రాత్రి నానవేసి, ప్రొద్దుట వడగట్టి, పటికబెల్లముతో కొంచెము కొంచెముగా త్రాగవలెను. మధుమేహులు బెల్లము మానవలెను. ఏలకి గింజలు రెండు నోట నుంచుకొనుట, దానిమ్మరసము, నిమ్మకాయ వాసన చూచుట వికారము నణచును. ఛర్దికి వైద్యులు ఇచ్చు ఏలాది చూర్ణములో ఏలకులే ప్రధానము. విష్టబ్ధమునకు వాము, జీలకఱ్ఱ వేయించి వేడినీటితో ఇత్తురు. దీనిని విస్తరింపబోము, ఈ వైద్యమెఱుగని అవ్వ ఈ సీమలో లేదు.

చరకుడు వాంతినాపు ద్రవ్యములను పదింటిని ఒక గణముగా కూర్చెను. వానిలో నేరేడు చిగురు, మామిడి చిగురు, పుల్లరేగు, దానిమ్మ, వట్టివేరు, పేలాలు కలవు. మామిడి చిగురునకు కొల్లాపురపు తోటలుండగా మనము దూరము పోనక్కఱలేదు. రేగు గట్ల మీదనే కాయును. వీనిలో ఇంటింటికి అత్యంతోపయోగకరమైనవి పేలాలు. తొలి ఏకాదశినాడు జొన్నపేలాలు వేయించి, విసరి, బెల్లము కలిపి పేలాలపిండి తినుట మన ఆచారము. వానకాలము ప్రారంభమున జఠరాగ్ని మందగించునని ఆయుర్వేదము చెప్పును; ఆ ఋతువున తేలికయైన వేపుడు ధాన్యమును పండుగలో చేర్చిన పూర్వుల వివేకమును మెచ్చుకొనకుండ ఉండలేము. శాస్త్రమున లాజలనగా వరిపేలాలు. గుప్పెడు వరిపేలాలను నాలుగు గ్లాసుల నీటిలో మెత్తబడువఱకు కాచి, పలుచగా వడగట్టి, చిటికెడు ఉప్పు, కొంచెము పంచదార, ఏలకిపొడి చేర్చినచో లాజమండము సిద్ధమగును. దీనిని గ్లాసుతో త్రాగరాదు. అయిదు నిమిషములకొకసారి చెంచా చెంచాగా పోయవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల ఆరంభింపవలెను.

ఈ ఉప్పు, పంచదార, నీటి కలయికకు ఒక చరిత్ర కలదు. 1971లో తూర్పు బంగాళమునుండి వచ్చిన శరణార్థుల శిబిరములలో కలరా చెలరేగినపుడు, బనగాఁవ్‌లో డాక్టరు దిలీప్ మహలనబిస్, నరములకెక్కించు సెలైను చాలక, ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా త్రాగించి అసంఖ్యాకులను బ్రదికించెను. గ్లూకోజు తోడున్నప్పుడు ప్రేగు ఉప్పును, దానివెంట నీటిని వేగముగ పీల్చుకొనుననుట దాని రహస్యము. పేలాలలోని పిండిపదార్థమును కడుపులో గ్లూకోజుగా మారును. ఆ సూత్రము నెఱుగకయే మనవారు దాని చేరువకు వచ్చిరి. అయినను విరేచనములు కూడ ఉన్నచో లాజమండముతో సరిపెట్టరాదు. ప్రభుత్వ ఆసుపత్రులలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లమునే, దానిపై వ్రాసినంత నీటిలో, సాధారణముగ ఒక లీటరులో, కలిపి త్రాగించవలెను. నీరు తగ్గించి చిక్కగా కలుపుట హానికరము.

మజ్జిగ మాట వచ్చినపుడు శ్రోతలు మాపై కొంచెము కోపింపవచ్చును. తక్రమును చరకుడు మొదలు అందఱును పొగడిరి. కాని అదే శాస్త్రము ఉష్ణకాలమున, దుర్బలులకు, దాహము, భ్రమ, మంట కలవారికి తక్రము వలదన్నది. మన యెండలకు మజ్జిగయే వలదన్న ఎవరు విందురు? ఇక్కడ వలదన్నది పులిసిన మజ్జిగనని మేము భావించుచున్నాము. ఆ దినమే తోడుకొనిన తియ్యని పెరుగును చిలికి, వెన్నతీసి, నీరు విస్తారముగ చేర్చి, కరివేపాకు, ఉప్పు వేసి భోజనాంతమున త్రాగినచో చాలమందికి సుఖముగనే యుండును. రెండు దినముల పుల్లమజ్జిగ త్రాగి వికారమని వచ్చువారికి మాత్రము మందిచ్చుట వ్యర్థము.

భోజనానంతరము సుఖముగా కూర్చుండి, అలసట తీరిన వెనుక నూఱడుగులు నడచి, ఎడమప్రక్కకు తిరిగి పరుండవలెనని సుశ్రుతుడు చెప్పెను. ఎడమప్రక్క పరుండినచో జఠరరసము గొంతువైపునకు ఎగదన్నుట తక్కువయగునని నేటి పరీక్షలును చెప్పుచున్నవి. రాత్రి భోజనమునకును నిద్రకును రెండు మూడు గంటల యెడముండవలెను. తొమ్మిది గంటలకు తిని, తొమ్మిదిన్నరకు పడుకొనువారి సగము వికారము ఇందుచేతనే పోవును.

నల్లమలలో చెంచులు సేకరించు తేనె, కరక, తాని, ఉసిరి ఈ ప్రాంతపు సొత్తు. కరకపొడిని తేనెతో నాకుట ఛర్దికి పూర్వులు చెప్పిన యోగమే. దోషమును క్రిందికి మరలించుట దాని పని. గర్భిణులకిది వలదు. ఏడాది నిండని శిశువులకు తేనె ఏ రూపముననైనను ఇయ్యరాదు. మన తెలుగు వైద్యులు తరతరములు ఆదరించిన బసవరాజీయము వంటి గ్రంథములలో ఇంకను ఎన్నియో యోగములున్నవి. రసౌషధములతో కూడిన వానిని గ్రంథము చూచి ఇంట చేయబూనుట ప్రమాదము.

సంతలో పేరులేని పొట్లముగా అమ్ము "గ్యాసు పొడి" మఱియు ప్రమాదకరము. ఆయుర్వేదౌషధములు 1964 సవరణ ద్వారా ఔషధశాసనము క్రిందికి వచ్చినవి. తయారుచేసినవాని పేరు, లైసెన్సు సంఖ్య, తేదీ లేని పొడిని కొనరాదు. సీసము, పాదరసము చేరిన పొడులు కడుపునొప్పిని, వికారమును తామే పుట్టించును. రోగి ఇంకొక చెంచా వేసికొనుచుండును.

ఇప్పుడు వంటయిల్లు విడిచి ఆసుపత్రికి పోవలసిన సందర్భములు. వికారముతో పాటు రొమ్ములోగాని, దవడలోగాని, ఎడమచేతిలోగాని, వీపులోగాని నొప్పి, చల్లని చెమట, ఆయాసము కలిగినచో అది "గ్యాసు" కాకపోవచ్చును, గుండెపోటు కావచ్చును. స్త్రీలలోను, మధుమేహులలోను రొమ్మునొప్పి లేకయే వికారము, చెమట మాత్రమే కనిపించు గుండెపోటులు కలవు. అట్టివారికి సోడా త్రాగించి, వాము నమలించి, తెల్లవారువఱకు చూచుట ప్రాణాపాయము. వెంటనే 108కి ఫోను చేయవలెను. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. గద్వాలలోను తరువాత ఏర్పడినది. హైదరాబాదు పోవలెనా యను ఆలోచనతో తొలి గంటలను పోగొట్టుకొనరాదు.

గద్వాల ప్రాంతము పత్తివిత్తనముల సాగునకు పేరుపడినది. పురుగుమందు చల్లిన దినమున కడుపు త్రిప్పి, నోట చొంగ కారి, కంటిపాప చిన్నదై, చెమట పోసినచో అది అజీర్ణము కాదు, విషము. అట్టివానికి మజ్జిగ పోయరాదు, వ్రేలు పెట్టి వాంతి చేయింపరాదు. బట్టలు విప్పి, ఒడలు సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చవలెను. సహాయము చేయువారును ఆ బట్టలను ఒట్టిచేతులతో ముట్టరాదు. మందు చల్లిన చేతులతో సద్ది విప్పుటయు, ఆ చేతులతోనే బీడి ముట్టించుటయు మేము ఎన్నిమార్లు వారించినను మానని అలవాట్లు.

వికారము వారము దినములు తగ్గక, మూత్రము పచ్చగా వచ్చుచు, కన్ను పసుపువన్నె తిరిగినచో కామెర్లని అనుమానింపవలెను. పసరు పోయించుకొని తిరుగుట వలన రక్తపరీక్ష ఆలస్యమగును. గర్భిణులలో కామెర్లు మఱియు తీవ్రము. నూనె వంటకము తిన్నపుడెల్ల కుడి డొక్కలో నొప్పి వచ్చినచో పిత్తాశయములో రాళ్ళుండవచ్చును. ఆస్ట్రేలియాకు చెందిన వారెన్, మార్షల్ అను వైద్యులు కనుగొనిన హెలికోబాక్టర్ పైలోరి అను క్రిమి (వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది) కడుపులో పుండ్లను, వికారమును కలిగించును. దానికి అల్లము చాలదు, క్రిమినాశకౌషధము కావలెను. నల్లని మలము, రక్తపు వాంతి, మ్రింగుట కష్టమగుట, కారణము లేక చిక్కిపోవుట వీనిలో ఏ యొక్కటి కనిపించినను ఇంటివైద్యము ఆపవలెను. కల్తీకల్లునకు అలవాటుపడి హఠాత్తుగా మానినవానికి వాంతులు, వణకు, ఒక్కొక్కప్పుడు మూర్ఛలు వచ్చును; అతనిని సిగ్గుపడి ఇంట దాచరాదు.

వేవిళ్ళకు పేలాల జావ, ఏలకి, అల్లము సాధారణముగ చాలును. ప్రొద్దున మంచము దిగకముందే ఎండురొట్టె ముక్క తినుట మఱియు మంచిది. నీరు కూడ నిలువక, మూత్రము తగ్గి, తూకము పడిపోయినచో సెలైను ఎక్కింపక తప్పదు. "అందఱికి ఉండునదే" యని అత్తగారు కాలయాపన చేయరాదు.

వైద్యుని యొద్దకు పోవునపుడు రోగి తాను మ్రింగుచున్న మందులన్నిటిని ఒక సంచిలో వేసికొని పోవలెను. కూలిపని చేయువారు ఒళ్ళునొప్పులకు అంగడిలో కొను మాత్రలను మందులుగా లెక్కింపరు. ఖాళీకడుపున వాడిన ఆ మాత్రలే కడుపును పుండుచేసి వికారము కలిగించును. మధుమేహమునకిచ్చు మెట్‌ఫార్మిన్ తొలి దినములలో కడుపు త్రిప్పుట కలదు. భోజనముతో తీసికొనినచో తగ్గును గాని, తనంతట తాను మానరాదు. మధుమేహము చాలకాలముగ ఉన్నవారికి కడుపు నాడులు మందగించి అన్నము గంటల తరబడి కదలక నిలుచును. వారికి మూడు పెద్ద భోజనములకు బదులు ఆఱు చిన్నవి కావలెను. ఆయుర్వేదపు పొడియైనను, పసరైనను, అమ్మ చేసిన లేహ్యమైనను సంచిలో ఉండవలసినదే. వికారము ఏ భోజనము తరువాత, ఎంత సేపటికి, ఎన్ని దినములుగా వచ్చుచున్నదో ఒక కాగితముపై వ్రాసికొని పోయినచో అల్లోపతి వైద్యునకైనను, ఆయుర్వేద వైద్యునకైనను సగము పని తేలికయగును.